చేత్తో పట్టుకుని వాడే ట్యూబ్ కఫ్ ప్రెషర్ గేజ్: ప్రతి ఆపరేషన్ థియేటర్‌లో ఉండాల్సిందే, కానీ వాడే పద్ధతి తెలియాలి

“ఆపరేషన్ కడుపుకి కదా డాక్టర్‌గారూ, గొంతెందుకు మండుతోంది?” నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి చెన్నైకి సర్జరీకి వచ్చేవాళ్ళు మర్నాడు మత్తు డాక్టర్ని అడిగేది ఇదే. ముఖ్య కారణాల్లో ఒకటి, మత్తులో శ్వాస కోసం శ్వాసనాళంలోకి దూర్చే ట్యూబ్ చివర ఉండే గాలి బుడగలో, అంటే కఫ్‌లో, ఎక్కువైన గాలి. దాన్ని కొలిచే పరికరమే ఈ గేజ్. మా మార్కు ఐదుకి నాలుగు.

కఫ్‌కి కలిపి బయట వేలాడే చిన్న పైలట్ బెలూన్‌ని వేళ్ళతో నొక్కి “చాల్లే” అనుకోవడం ఇంకా పోలేదు. 10 మి.లీ. సిరంజి అలవాటుగా మొత్తం తోసేసిన కఫ్, వేలికి మామూలుగానే అనిపించినా, గేజ్ మీద 60 దాటి కనిపించవచ్చు. ఉండాల్సింది 20-30 సెం.మీ. నీటి ఒత్తిడి. 30 దాటితే శ్వాసనాళం లోపొరకి రక్తం తగ్గుతుంది, 50 దగ్గర దాదాపు ఆగిపోతుంది. అలాగని 20 కిందకి దించితే గాలి లీకవుతుంది, గొంతులో చేరిన ద్రవాలు కిందికి జారతాయి.

రబ్బరు బల్బు, డయల్, గాలి వదిలే బటన్, సిరంజిలా బిగించే లూయర్ మొన ఉన్న సన్న గొట్టం, అంతే. బ్యాటరీ గొడవ లేదు. ఒక మార్కు ఎందుకు కోశామంటే, తగిలించగానే కఫ్‌లోని గాలి కొంత ఆ గొట్టంలోకి వచ్చేసి, అసలు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అందుకే ముందే గేజ్‌ని 25కి ఊది, అప్పుడు తగిలించాలి. సూది వెంటిలేటర్ శ్వాసతో ఊగుతుంది కాబట్టి ఊపిరి వదిలిన చివర్లో చదివి సరిచేయాలి. గేజ్‌ని తీసేటప్పుడు ఒక్క లాగుడు. ఊరికే మళ్ళీ మళ్ళీ తగిలించి చూడకండి, ప్రతిసారీ కాస్త గాలి పోతుంది.

అయితే ఒక్కసారి చూసి వదిలేసినా లాభం లేదు. మత్తుకి నైట్రస్ ఆక్సైడ్ వాయువు ఇస్తుంటే అది మెల్లగా కఫ్‌లోకి దూరి ఒత్తిడి పెంచుతుంది, అరగంటకోసారి చూడాలి. తల తిప్పినా, ల్యాప్రోస్కోపీలో గ్యాస్ నింపి తల కిందికి వాల్చినా మళ్ళీ చూడాలి. ట్యూబ్‌కి బదులు గొంతులో స్వరపేటిక మీద కూర్చోబెట్టే ఎల్ఎంఏ (లారింజియల్ మాస్క్)కీ ఇదే గేజ్ పనికొస్తుంది, అక్కడ 60 దాటనివ్వకూడదు.

ఆడవాళ్ళకి 8 సైజు ట్యూబ్ దూర్చేసి గేజ్ మీద 25 చూపిస్తే గొంతు ఊరుకోదు. చాలామందికి 7 చాలు, కొందరికి 6.5 కూడా. ట్యూబ్‌కి తిమ్మిరెక్కించే లిగ్నొకైన్ జెల్లీ పూయడం ఎన్నాళ్ళుగానో ఉన్న అలవాటేగానీ, గొంతు నొప్పి విషయంలో దానివల్ల ఒరిగేది లేదు. దానికంటే మత్తుకి ముందు నొప్పి, వాపు తగ్గించే బెంజిడమైన్ మందుతో పుక్కిలించడం, సరిపడే రోగికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వడం మేలు. ట్యూబ్ తీసే ముందు ద్రవాల్ని పీల్చే సక్షన్ గొట్టాన్ని గుడ్డిగా పొడవడం గొంతుకి ఇంకో శత్రువు.

పార్క్‌టౌన్ సర్జికల్ షాపులో కొంటే అక్కడే పరీక్షించండి. ఏమీ తగిలించకుండా సూది సున్నా మీద ఉండాలి. మొన మూసి 100 దాకా ఊదితే కొన్ని సెకన్లు జారకుండా నిలవాలి. శుభ్రానికి స్పిరిట్ గుడ్డతో తుడవడమే. నీళ్ళలో ముంచినా, ఆటోక్లేవ్‌లో పెట్టినా డయల్ పాడవుతుంది.