సైనికాధికారి అద్దె బంగళాపై పన్ను: ఏ పద్ధతి మేలు?

బ్రిటిషు పాలనలో తెల్ల సిపాయిలకు బారకాసులు ప్రభుత్వమే కట్టించింది గాని, అధికారులలో చాలామంది తమ జీతంలోంచో ఇంటి భత్యంలోంచో అద్దె చెల్లించి ప్రైవేటు బంగళాలలో కాపురముండేవారు. ఆ బంగళా మునిసిపాలిటీ హద్దుల్లో ఉంటే తగవు మొదలయ్యేది. వీధి దీపం, మురుగు కాలువ, ఊడ్చిన రోడ్డు అందరితో పాటు ఆయనకూ అందుతున్నప్పుడు పన్ను ఎందుకు కట్టడని ఊరివారు అడిగేవారు. సర్కారు హుకుం మీద వచ్చిన మనిషిని ఆ ఊరి పౌరుడిగా లెక్కకట్టడం ఏం న్యాయమని సైన్యం పక్షం వారు అడిగేవారు. దీనికి మూడు పద్ధతులు కనబడతాయి.

మొదటిది, అధికారినీ మామూలు కాపురస్థుడిగానే చూడడం. ఇంటి పన్ను ఇంటికి రాగల అద్దెను బట్టి వేసేది కనుక, లోపల ఉన్నది వకీలా, కెప్టెనా అన్న విచారణ అవసరం లేదు. ఇందులోని సౌలభ్యం అదే. అయితే మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాలలో ఇంటి పన్నుతో పాటు వృత్తుల మీద పన్ను కూడా ఉండేది. అది మనిషి సంపాదన మీద పడేది. ఊరితో వ్యాపార సంబంధమేమీ లేక, రేపు ఇంకొక పటాలానికి బదిలీ అయ్యే వాడి జీతం మీద ఆ ఊరు పన్ను కోరడం ఇంటి పన్ను కోరినంత సబబుగా తోచదు. రెండు పన్నులనూ ఒకే గాటన కట్టి వాదించినందువల్లనే ఈ తగవు ముదిరిందని నా అభిప్రాయం.

రెండవది మినహాయింపు. 1881లో వచ్చిన 11వ చట్టం, అంటే మునిసిపల్ టాక్సేషన్ చట్టం, సైనిక విధుల ఒత్తిడి వల్ల మునిసిపాలిటీ హద్దుల్లో నివసించక తప్పని సైనికోద్యోగుల నుంచి ఫలానా పన్ను వసూలు చేయరాదని ఉత్తర్వు ఇచ్చే అధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టింది. చట్టమంతటికీ ఆయువుపట్టు ఆ ‘తప్పని’ అన్న మాటలోనే ఉంది. కంటోన్మెంటులో, అంటే సైన్యానికి విడిగా కేటాయించిన బస్తీలో, ఇల్లు దొరకక ఊళ్లోకి వచ్చిన వాడికి నిర్బంధముంది. తోట బాగుందనో క్లబ్బు దగ్గరనో పెద్ద బంగళా ఎంచుకున్న వాడికి లేదు. ఈ రెంటి మధ్య గీత గీసే అధికారం మాత్రం మునిసిపాలిటీ చేతిలో లేదు, ఆ ఉద్యోగికి జీతమిచ్చే ప్రభుత్వం చేతిలోనే ఉంది. పైగా మినహాయించినంత మాత్రాన దీపానికి నూనె ఖర్చు తగ్గదు, ఆ లోటు పక్కింటి వర్తకుడి మీద పడుతుంది.

మూడవది బదులు చెల్లింపు. ప్రభుత్వం తాను కట్టవలసిన పన్నును ఆపించుకున్నచోట, దానికి బదులుగా న్యాయమని తోచిన మొత్తాన్ని ఇచ్చే ఏర్పాటు అదే చట్టంలో ఉంది. దీన్ని అధికారుల ఇళ్లకూ వర్తింపజేస్తే మునిసిపాలిటీకి రాబడి నిలుస్తుంది, అధికారికీ ఇబ్బంది ఉండదు. కాని మొత్తాన్ని తేల్చేది ప్రభుత్వం నియమించిన అధికారే. బాకీ ఉన్నవాడి గుమాస్తా చేత బాకీ లెక్క కట్టించడం వంటిది ఇది.

కంటోన్మెంటు లోపల లెక్క వేరు. బెంగాల్ సైన్యానికి 1836లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం స్థలం సర్కారుది, దాని మీద కట్టిన ఇల్లు మాత్రమే యజమానిది. నెల రోజుల నోటీసుతో, కట్టడం విలువ చెల్లించి, సర్కారు స్థలాన్ని తిరిగి తీసుకోవచ్చు. తరువాత 1902, 1923 చట్టాలు యజమాని ఇష్టపడకపోయినా అతని ఇంటిని అధికారుల నివాసానికి తీసుకునే వీలు కల్పించాయి. అక్కడ నలిగినవాడు అధికారి కాడు, బంగళా యజమాని. 1806లో ఏర్పడి, నేటికీ లష్కర్ అని పిలుచుకునే సికింద్రాబాదులో పాత బంగళాల హక్కుల మీద ఇప్పటికీ సాగుతున్న వివాదాలకు మూలం ఈ తరహా స్థలపు షరతులే.

ప్రైవేటు ఇంటి వరకు నేను మొదటి పద్ధతికే ఓటు వేస్తాను, ఒక్క సవరణతో: ఇంటి పన్ను, నీటి పన్ను అందరితో సమానంగా ఉండాలి, వృత్తి పన్ను నుంచి మాత్రం బదిలీల మీద వచ్చిన సైనికుడిని వదలాలి. ప్రభుత్వం సొంతంగా కట్టించిన క్వార్టర్లకు మూడవ పద్ధతి చాలు, లెక్క కట్టేవాడు ఇరుపక్షాలకూ చెందనివాడైతే. రెండవదానిని సమర్థించడానికి నాకు కారణం కనబడలేదు.

స్వతంత్ర భారతం కూడా దాదాపు ఈ దారిలోనే నడిచింది. రాజ్యాంగంలోని 285వ అధికరణం కేంద్రప్రభుత్వ ఆస్తికి రాష్ట్ర, స్థానిక పన్నుల నుంచి మినహాయింపునిచ్చింది. 2009లో రాజ్‌కోట్ నగరపాలక సంస్థ వ్యాజ్యం సుప్రీంకోర్టులో ముగిసినప్పుడు, ఆస్తి పన్ను లేకపోయినా, అందుకున్న సేవలను బట్టి, మామూలుగా పడే ఆస్తి పన్నులో 75, 50 లేదా 33⅓ శాతం చొప్పున సేవా రుసుము కట్టాలని తేలింది. ఆ మినహాయింపు ఆస్తికే గాని మనిషికి కాదు. ఊళ్లో అద్దెకుండే మేజరు గారి ఇంటికి పన్ను నోటీసు ఇంటి యజమాని పేరునే వస్తుంది.