రిస్కు తీసుకున్నవాడికే ఎక్కువ దక్కాలా? ఒక రొయ్యల చెరువు లెక్క

వ్యాపారం పెట్టినవాడు రిస్కు తీసుకుంటాడు కాబట్టి ఎక్కువ సంపాదించడం న్యాయమేనా అని ఎవరు అడిగినా నాకు భీమవరం దగ్గర మా బాబాయి రొయ్యల చెరువే గుర్తొస్తుంది. దాని మీద ముగ్గురు బతుకుతున్నారు. చెరువు లీజుకిచ్చిన ఆసామి, లీజుకు తీసుకుని సాగు చేసే బాబాయి, నెల జీతానికి గట్టు మీద షెడ్డులో ఉండే మనిషి.

ఆసామికి లీజు డబ్బు ముందే అందుతుంది. రొయ్య బతికినా చచ్చినా ఆయనకు తేడా లేదు.

బాబాయి సంగతి అలా కాదు. రొయ్య పిల్ల వదిలిన రోజు నుంచి పట్టుబడి దాకా, అంటే పెరిగిన రొయ్యల్ని పట్టి అమ్మేదాకా, మూడు నాలుగు నెలలు డబ్బంతా నీళ్లలోనే ఉంటుంది. మేత డీలరు దగ్గర అప్పు సరేసరి. తెల్లమచ్చ వైరస్ తగిలితే ఎంత కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ఉంటే అంతకే పట్టేసి అమ్ముకోవాలి. అన్నీ గట్టెక్కినా రేటు ఆయన చేతిలో ఉండదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులు చాలావాటి మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య రైతుల టెన్షన్ అంతా ఇంతా కాదు. పోతే పోయేది సొంత డబ్బు కాబట్టి, లాభం వచ్చిన ఏడాది అందులో పెద్ద భాగం ఆయనకే దక్కాలంటాను.

అలాగని జీతం మనిషికి రిస్కు లేదనడం తప్పు. అర్ధరాత్రి కరెంటు పోయి ఏరేటర్లు (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగితే జనరేటర్ దగ్గరికి పరిగెత్తేది అతనే. టార్చి వెలుగులో చెక్ ట్రే (మేత వేసి నీళ్లలో దించే పళ్లెం) పైకి లాగి, మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా అని చూసేదీ అతనే. తడి చేతుల్తో స్విచ్చులు వెయ్యడం ప్రాణాలతో చెలగాటం. పంట పోయి చెరువు ఎండగడితే అతని జీతమూ ఆగుతుంది.

మరి అతనికి జీతం మేలా, వాటా మేలా? వట్టి వాటా నేను ఒప్పుకోను. వైరస్ వచ్చిన పంటకు అతని ఇంట్లో పొయ్యి వెలగదు. వట్టి జీతమైతే మంచి పంట వచ్చినా అతనికి ఒరిగేదేమీ లేదు. జీతం కదలకుండా ఉంచి, పట్టుబడి మీద టన్నుకు ఇంత అని కలపడమే మేలు. 20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో నష్టం వచ్చినా జీతంలో కనీసం 8.33 శాతం బోనస్ ఇవ్వాలని చట్టం ఉంది. ఇద్దరు ముగ్గురు పనిచేసే చెరువుకు ఆ రక్షణ లేదు.

ఇదే లెక్క కంపెనీలకూ వేస్తాను. లిమిటెడ్ కంపెనీ మునిగితే వాటాదారుకు పోయేది పెట్టిన పెట్టుబడి వరకే. కానీ చిన్న వ్యాపారి చాలాసార్లు బ్యాంకులో సొంత హామీ రాసి, ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుంటాడు. ఇద్దర్నీ వ్యాపారవేత్తలనే అంటాం. రిస్కు పేరుతో ఎక్కువ అడిగే హక్కు నా దృష్టిలో ఆ రెండోవాడికే ఎక్కువ.

బాబాయి ఇప్పుడు పిల్ల వదలకముందే టన్నుకు ఎంతో మాట్లాడేస్తున్నాడు, షెడ్డులో మంచం మీద కూర్చుని, జీతం మనిషితో, అతని భార్య ముందే.