జాగ్రత్త: ‘సర్వీస్ డాగ్ రిజిస్ట్రేషన్’ పేరుతో అమ్మే కార్డులు కొనకండి

మొన్న మా వాట్సాప్ గ్రూపులో ఒకావిడ అడిగారు: “మీ కుక్క బుజ్జికి వేసిన ఎర్ర జాకెట్టు ఎక్కడ కొన్నారండీ? లింక్ పెట్టరా, మేమూ మా వాణ్ణి రెస్టారెంట్‌కి తీసుకెళ్లాలి.” ఆవిడకి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. కాస్త సిగ్గుగానే ఉంది. అయినా ఇంకొకరి డబ్బు పోకుండా ఉంటే చాలు. ఆ జాకెట్టు సర్వీస్ డాగ్‌ది, అంటే వైకల్యం ఉన్నవాళ్లకి సాయం చెయ్యడానికి శిక్షణ ఇచ్చిన కుక్కది.

మేముండేది టెక్సాస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. బుజ్జి మా రెండేళ్ల గోల్డెన్‌డూడుల్ జాతి కుక్క. మనుషులంటే ప్రాణం. ఒంటరిగా వదిలితే మాత్రం సోఫా మిగల్చదు. బయటికి వెళ్లినప్పుడల్లా కుక్కల డే కేర్‌కి 40 డాలర్లు కట్టలేక ఏం చేద్దామా అనుకుంటుంటే ఫోన్‌లో ఒక యాడ్ కనబడింది. ఐదు నిమిషాల్లో మీ కుక్కని సర్వీస్ డాగ్‌గా అధికారికంగా నమోదు చేసుకోండి, రెస్టారెంట్లు, విమానాలు, అపార్ట్‌మెంట్లు, ఎక్కడికైనా తీసుకెళ్లండి అని. సైట్ చూస్తే ప్రభుత్వానిదే అనిపించేలా ఉంది. పైన గద్ద బొమ్మ, ముదురు నీలం రంగు. ఫారంలో కుక్క పేరు, జాతి, ఫోటో అడిగారు. నా గురించి ఒకే ప్రశ్న: మీకు అప్పుడప్పుడు ఒత్తిడిగా అనిపిస్తుందా? ఈ లేఆఫ్‌ల రోజుల్లో హెచ్1బి మీద ఉన్నవాళ్లెవరైనా ‘లేదు’ అని టిక్ పెడతారా? కుక్కకి ఏం పని నేర్పారు అని మాత్రం ఎక్కడా అడగలేదు. నాకు అక్కడే అనుమానం రావాల్సింది.

కార్డు, జాకెట్టు, మెడలో బిళ్ల, బంగారు రంగు స్టిక్కరు అంటించిన సర్టిఫికెట్టు, విమానం కోసం ఒక లెటరు, అన్నీ కలిపి 189 డాలర్లు. వారంలో పార్సిల్ వచ్చింది. కార్డు మీద నాలుక బయటపెట్టిన బుజ్జి ఫోటో, కింద పది అంకెల నంబరు. అప్పుడు మా అమ్మ గుంటూరు నుంచి వచ్చి మాతోనే ఉంది. ఆ కార్డుని అటూ ఇటూ తిప్పి చూసి, “దీనికి గ్రీన్ కార్డొచ్చిందటే, మీకే రాలేదు” అంది.

ఆ శనివారమే బిర్యానీకని మనవాళ్ల రెస్టారెంట్ ఒకదానికి వెళ్లాం. బుజ్జికి జాకెట్టు తొడిగా. తలుపు దగ్గర మేనేజరు, తెలుగబ్బాయే, కుక్కని చూసి ఆగాడు. నేను గర్వంగా కార్డు తీశా. అతను దానివైపు చూడనైనా చూడలేదు. “కార్డు అడగకూడదు మేడమ్, మాకు అక్కర్లేదు కూడా. రెండే అడుగుతాను. మీ ఇంట్లో ఎవరికైనా వైకల్యం ఉండి దానికోసం తెచ్చిన సర్వీస్ డాగేనా? ఏ పని చెయ్యడానికి దీనికి శిక్షణ ఇచ్చారు?”

మొదటిదానికి అవునన్నా. రెండోదానికి నోరు పెగల్లేదు. “ఇది పక్కనుంటే నాకు టెన్షన్ తగ్గుతుంది” అన్నా. అతను ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, గొడవెందుకనుకున్నాడేమో, మూల టేబుల్ చూపించాడు.

పక్క టేబుల్ దగ్గర చూపులేని ఒక పెద్దాయన, ఆయన స్నేహితుడు కూర్చున్నారు. ఆయన కాళ్ల దగ్గర టేబుల్ కింద నల్ల లాబ్రడార్ పడుకుని ఉందని మేం గమనించనేలేదు. సరుకుల సంచీలా కదలకుండా ఉంది. బుజ్జి గమనించింది. ఒక్క దూకు దూకి, పట్టీ నా చేతిలోంచి జారేంత గట్టిగా లాగి, మొరగడం మొదలెట్టింది. గ్లాసు ఒకటి కింద పడింది. లాబ్రడార్ ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ గడ్డం నేలకి ఆనించి పడుకుంది. పెద్దాయన మాత్రం కుర్చీలో బిగుసుకుపోయి, చెయ్యి కిందికి చాచి తన కుక్క తల తడిమి చూసుకుంటూ, “ఆ కుక్క ఎంత దూరంలో ఉంది?” అని స్నేహితుణ్ణి అడిగాడు. ఆ మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది.

మేనేజరు వచ్చి కుక్కని బయటికి తీసుకెళ్లమన్నాడు. మీరు మాత్రం కూర్చుని తినొచ్చు అని మర్యాదగానే చెప్పాడు. మా ఆయన బుజ్జిని తీసుకెళ్లి కారులో ఏసీ వేసుకుని కూర్చున్నారు. నేనూ అమ్మా బిర్యానీ పార్సిల్ కట్టించుకుని బయటపడ్డాం. దారిలో అమ్మ, “ఆ నల్లది చూడు, ఎంత బుద్ధిగా ఉందో. అది ఉద్యోగం చేస్తోందే. మనది షికారుకొచ్చింది” అంది.

ఆ రాత్రి కూర్చుని రూల్సు చదివా. ముందే చదవాల్సింది. అమెరికా మొత్తానికి వర్తించే వికలాంగుల చట్టం, ఏడీఏ అంటారు, దాని ప్రకారం సర్వీస్ డాగ్‌లకి ఫెడరల్ ప్రభుత్వ రిజిస్ట్రీ అంటూ ఒకటి లేనే లేదు. సైట్లలో అమ్మే సర్టిఫికెట్లతో ఏ హక్కూ రాదని, వాటిని రుజువుగా తీసుకోబోమని న్యాయశాఖే తన ప్రశ్నలు–జవాబుల పేజీలో స్పష్టంగా రాసింది. జాకెట్టు కూడా తప్పనిసరి కాదు. కుక్కకి సొంతంగా శిక్షణ ఇచ్చుకున్నా చెల్లుతుంది. అంటే నిజంగా అవసరమున్నవాళ్లకీ ఆ కార్డు పనికిరాదు, అవసరం లేనివాళ్లకీ పనికిరాదు. మరి ఎవరికోసం అమ్ముతున్నట్టు? నాలాంటివాళ్ల కోసమే.

తేడా అంతా కుక్క చేసే పనిలో ఉంది. యజమానికి పానిక్ ఎటాక్ రాబోతోందని పసిగట్టి, దాన్ని తగ్గించడానికి నేర్పిన పనేదో చేస్తే అది సర్వీస్ డాగ్. ఊరికే పక్కనుంటే మనసుకి హాయిగా ఉంటుందంటే అది ఎమోషనల్ సపోర్ట్. రెస్టారెంట్‌లో దానికి ఈ చట్టం కింద ప్రవేశం లేదు. పిల్లులూ చిలకలూ ఎలాగూ చెల్లవు. విచిత్రమేంటంటే, శిక్షణ పొందిన పొట్టి గుర్రాలకి మాత్రం విడిగా ఒక నిబంధన ఉంది. ఇది చెబితే అమ్మ పడీ పడీ నవ్వింది.

నిజమైన సర్వీస్ డాగ్ అయినా అదుపు తప్పి, యజమాని దాన్ని ఆపలేకపోతే బయటికి పంపమనొచ్చు. కుర్చీలో కూర్చోబెట్టి టేబుల్ దగ్గర తినిపించడానికీ ఒప్పుకోనక్కర్లేదు. అలాగే, పక్కవాళ్లకి కుక్కలంటే భయమనో, ఎలర్జీ అనో దాన్ని ఆపడానికి వీల్లేదు. మనవాళ్లు కొందరు “తినేచోట కుక్కేంటి” అని మేనేజర్లతో గొడవ పడటం చూశా. ఆ నల్ల లాబ్రడార్‌ని చూశాక నాకైతే ఆ గొడవలో న్యాయం కనబడలేదు. అక్కడ ఉండకూడనిది మా బుజ్జి.

ఇంకో సంగతి. ఇక్కడ టెక్సాస్‌లో మామూలు కుక్కని తెలిసి తెలిసి సర్వీస్ డాగ్ అని చెబితే 1,000 డాలర్ల దాకా జరిమానా, 30 గంటల సమాజసేవ. 2023 సెప్టెంబరు నుంచి ఇది అమల్లో ఉంది. కాలిఫోర్నియాలో అయితే ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఆ రోజు మేనేజరు పోలీసుల్ని పిలవలేదు కాబట్టి సరిపోయింది. విమానం లెటరు సంగతీ అంతే. 2021 జనవరి నుంచి ఎమోషనల్ సపోర్ట్ జంతువుల్ని సర్వీస్ డాగ్‌ల కింద లెక్కించాల్సిన అవసరం ఎయిర్‌లైన్స్‌కి లేదు. అపార్ట్‌మెంట్ విషయం వేరే చట్టం కిందికి వస్తుంది. అక్కడ మిమ్మల్ని చూస్తున్న డాక్టరు రాసే ఉత్తరం పనికొస్తుంది, ఈ సైటువాడిది కాదు.

ఒకటి తెలిశాక మాత్రం నిజంగా తల దించుకున్నా. న్యూజెర్సీలోని మారిస్‌టౌన్‌లో ‘ది సీయింగ్ ఐ’ అని 1929లో మొదలైన గైడ్ డాగ్ సంస్థ ఉంది. చూపులేనివాళ్లకి నెలల తరబడి శిక్షణ ఇచ్చిన కుక్కని అప్పగించి, మొదటిసారికి వాళ్లు తీసుకునేది 150 డాలర్లు. నేను ఒక గుడ్డముక్కకీ ప్లాస్టిక్ కార్డుకీ 189 ఇచ్చా.

కసి కొద్దీ అదే సైట్‌లోకి మళ్లీ వెళ్లి, ‘పులిహోర’ అనే పేరుతో మా పాప టెడ్డీబేర్ ఫోటో పెట్టి ఫారం నింపా. “అభినందనలు! పులిహోర అర్హత పొందింది” అంటూ నేరుగా పేమెంట్ పేజీకి తీసుకెళ్లింది.

డబ్బు వెనక్కివ్వమని మూడు మెయిళ్లు పెడితే, రిజిస్ట్రేషన్ పూర్తయ్యాక రీఫండ్ ఉండదని ఒకే జవాబు మూడుసార్లు వచ్చింది. అది చాలదన్నట్టు ఏడాది తిరిగేసరికి ‘రెన్యూవల్’ అని 39.99 డాలర్లు క్రెడిట్ కార్డు నుంచి కట్ అయ్యాయి. కొనేటప్పుడు కింద చిన్నక్షరాల్లో ముందే టిక్ పెట్టి ఉంచారట. బ్యాంకులో డిస్ప్యూట్ వేస్తే ఈ 39.99 వచ్చింది. 189 మాత్రం రాలేదు, వస్తువులు అందాయి కదా అన్నారు. ఇలాంటి మోసాల మీద ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ సైట్‌లో ఫిర్యాదు కూడా పెట్టా. ఇప్పటికే కొన్నవాళ్లుంటే, ముందు స్టేట్‌మెంట్ చూసుకుని ఆ ఆటో రెన్యూవల్ ఆపించండి. సైట్‌లో క్యాన్సిల్ బటన్ కోసం వెతుకుతూ కూర్చోకండి, బ్యాంకుకే ఫోన్ చెయ్యండి.

గ్రూపులో లింక్ అడిగినావిడకి: అది మాత్రం పెట్టనండీ. 2019 నుంచి టెక్సాస్‌లో రెస్టారెంట్లు ఇష్టమైతే పాటియోలో, అంటే ఆరుబయట టేబుళ్లు వేసే చోట, కుక్కల్ని రానివ్వొచ్చు. లోపల్నుంచి కాకుండా బయటి దారినే తీసుకెళ్లాలి, పట్టీ ఉండాలి, కుర్చీ ఎక్కించకూడదు. మా చుట్టుపక్కల అలా రానిచ్చేవి ఆరు చోట్లు తిరిగి చూసి రాసిపెట్టుకున్నా. ఆ లిస్టు కావాలంటే చెప్పండి, ఇప్పుడే పంపుతా.