దసరా సెలవుల్లో ఆకుల ప్రెస్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

ఆకుల్ని, పూలని చెక్కల మధ్య నొక్కి ఎండబెట్టే ఈ ఆకుల ప్రెస్‌లో నాకు అన్నిటికంటే నచ్చినవి నాలుగు మూలల్లో ఉన్న వింగ్ నట్లు, అంటే రెండు రెక్కలున్న నట్లు. మిగతాదంతా రెండు ప్లైవుడ్ చెక్కలు, మధ్యలో అట్టలు, తడి పీల్చే బ్లాటింగ్ పేపర్లు, అంతే. ఆ నట్లకు స్పానర్ అక్కర్లేదు. ఐదేళ్ల పిల్ల కూడా వేళ్లతో తిప్పగలదు. కావలి దగ్గర మా అమ్మావాళ్ల ఊళ్లో దసరాకి అందరం చేరినప్పుడు, నలుగురు పిల్లలకి నాలుగు మూలలు సరిగ్గా సరిపోయాయి. ఒక మూల ముందు బిగిస్తే చెక్క ఒరిగిపోయి అటువైపు ఆకులు ముడతలు పడతాయి. అందుకని ఒకరికోసం ఒకరు ఆగాల్సిందే. మా నాన్న మంచం మీద కూర్చుని "ముందు అందరూ వదులుగా పెట్టుకోండిరా, ఆనక ఎదురు మూలలు ఇద్దరిద్దరు బిగించండి" అని చెప్పాడు. అంతే, వసారాలో పొద్దుగూకేదాకా అదే పని. మా చిన్నది తన నట్టు ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. పిల్లలు కలిసి చేసే పనిని ఇంత తేలిగ్గా కుదిర్చిన వస్తువు మా ఇంట్లో మరొకటి లేదు. ఆ మొదటి దసరా అయ్యాక మా అక్కచెల్లెళ్లందరి చేతా దీన్ని కొనిపించాను.

పెట్టెలో వచ్చిన కాగితం మీద మాత్రం నాకు కోపం ఉంది. "శరదృతువులో రాలిన ఆకులు ఏరండి" అని రాసి, పక్కన మేపుల్ ఆకులు అచ్చేశారు. మన దగ్గర శరత్తులో చెట్లు పచ్చగా ఉంటాయి, ఆకు రాలేది శిశిరంలో. అదన్నా సర్దుకోవచ్చు. మా పెరట్లో బాదం చెట్టు దసరా నాటికి కూడా కొన్ని ఎర్రటి ఆకులు రాలుస్తుంది. గుడి దగ్గర రావాకులు, కంచె మీద శంఖుపూలు, గోడ మీద కాగితపు పూలు ఉండనే ఉన్నాయి. అసలు ఇబ్బంది తెచ్చిన మాట దాని కింద ఉంది: "బిగించాక రెండు వారాలు కదపవద్దు."

2024 లో విజయదశమి అక్టోబరు 12 న వచ్చింది. ఆ సాయంత్రం జమ్మిచెట్టు దగ్గర్నుంచి రాగానే పిల్లలు ప్రెస్ నింపారు. జమ్మి రెమ్మలు, బాదం ఆకులు, శంఖుపూలు, మా పెద్దాడు ఏరికోరి తెచ్చిన ముద్ద మందారాలు. దీపావళికి వచ్చినప్పుడు వీటన్నిటితో కాగితపు లాంతరు చేయాలని అనుకున్నారు. మర్నాడు ఎవరి ఊళ్లకి వాళ్లం వెళ్లిపోయాం. ఆ వెంటనే వాయుగుండం పట్టుకుంది. 17 న చెన్నై దగ్గర తీరం దాటేదాకా నెల్లూరు జిల్లా అంతా ఒకటే వాన. అమ్మ ఫోన్ చేసి "ముసురు పట్టిందమ్మా, పొద్దున పొయిన కరెంటు ఇంకా రాలా. ఆ చెక్కలు ఇప్పి చూడనా?" అంది. నా వెనకనుంచి మా పెద్దాడు "కదపొద్దని రాశారు అమ్మమ్మా" అన్నాడు. వాడు కాగితంలో ఉన్నదే చెప్పాడు.

దీపావళికి ముందురోజు వెళ్లి చూస్తే నట్లు తిరగలేదు. నేను అంతగా మెచ్చుకున్న ఆ నట్లే తుప్పుపట్టి బోల్టుకి కరుచుకుపోయాయి. కొబ్బరినూనె చుక్కలు వేసి, కాసేపుంచి, కటింగ్ ప్లేయర్‌తో పట్టి తిప్పితే ఒక్కొక్కటీ కదిలింది. పై చెక్క లేపగానే అమ్మ "ఏందే ఈ వాసన, తడి గోనెసంచి మాదిరి" అంది. మందారాలు నల్లగా జిగురై పేపర్‌కి అంటుకుపోయాయి, వాటిమీద బూడిదరంగు బూజు. బాదం ఆకుల ఎరుపు పోయి మట్టిరంగు వచ్చింది, ఈనె పక్కన వేలు పెడితే మెత్తగా దిగబడింది. మా పెద్దాడు ఏడవలేదు కానీ చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

అడుగున మాత్రం జమ్మి రెమ్మలు చెక్కు చెదరలేదు. సన్నటి ఆకులు, వాటిలో నీరే తక్కువ. ఎండిన రెమ్మ పేపర్ నుంచి విడిగా లేచి వచ్చింది, చిట్టి ఆకులు జతలు జతలుగా ఎక్కడివక్కడే ఉన్నాయి. శంఖుపువ్వు చీకిపోయింది గానీ దాని నీలం మొత్తం బ్లాటింగ్ పేపర్‌లోకి దిగింది. రేకు అంచులోని ముడతలు, మధ్యలో తెల్లటి చార కూడా తెలుస్తూ పువ్వు అచ్చు పడింది. మా చిన్నది ఆ పేపర్‌నే కత్తిరించి లాంతరుకి అతికింది. ఇంత అందం వస్తుందని ఆ కాగితంలో ఎక్కడా రాయలేదు.

చెప్పొచ్చేదేంటంటే, ఈ వస్తువు చేసే పని ఆకులోని తడిని పేపర్లలోకి లాగడం. పేపర్లు తడిసిపోయాక ఇంక లాగేదేమీ లేదు, ఆకు లోపలే మగ్గుతుంది. ఎంత త్వరగా ఎండితే రంగు అంతగా నిలుస్తుంది. మా జిల్లాలో సగానికి పైగా వాన ఈశాన్య రుతుపవనాల్లోనే, అంటే సరిగ్గా దసరా, దీపావళి సెలవుల చుట్టూ కురుస్తుంది. అలాంటి చోట రెండు వారాలు కదపవద్దనే సలహా పనికిరాదు. ఇప్పుడు మేము మొదటి రోజుల్లో రోజూ విప్పి పేపర్లు మారుస్తున్నాం. బ్లాటింగ్ పేపర్లకి బదులు పాత న్యూస్‌పేపర్ మడతలు వాడుతున్నాం. గాలి ఆడటానికి మధ్యమధ్యలో కార్టన్ అట్ట ముక్కలు పెడుతున్నాం. మబ్బు పడితే ప్రెస్‌ని ఫ్యాన్ కింద పెడతాం. బోల్టులు, నట్లు నాలుగూ తీసేసి కావలిలో స్టీలువి కొని వేశాం. రోజూ విప్పడం పిల్లలకి విసుగనిపిస్తుందేమో అనుకున్నాను. అదేం లేదు, మళ్లీ బిగించే వంతుకోసమే ఎదురు చూస్తున్నారు.

ముద్ద మందారం, ముద్ద బంతి దీనికి నప్పవు. బంతి అయితే రేకులు విడదీసి పెట్టాలి. మర్రాకు దళసరి, పైగా పాలు కారుతుంది. కాగితపు పూలు పేరుకి తగ్గట్టు అప్పటికే సగం ఎండినట్టుంటాయి, వాటికి తిరుగులేదు. రావాకు కొసన ఉన్న తోకతో ఎలుకలు, చేపలు చేస్తారు మా పిల్లలు.

ఇంకొక్క మాట. ఆకులు ఏరడానికి వెళ్లిన పిల్లలు కంచెల్లో గురివింద గింజలు కూడా జేబుల్లో వేసుకొస్తారు. ఎరుపు, నలుపు చూస్తే ముచ్చటేస్తుంది, కానీ గింజలో ఉండేది విషం. నమిలినా, దండకోసం సూదితో పొడిచినా ప్రమాదం. మా అమ్మ అవి కనపడగానే లాక్కుని అవతల పారేస్తుంది. గన్నేరు పూలకీ, ఆకులకీ అదే కట్టడి.

కొనమని ఇప్పుడు కూడా చెబుతాను గానీ, మునుపటిలా అందర్నీ కాదు. మా ఇంట్లో సెలవులకి నలుగురు పిల్లలు చేరతారు, పెరడుంది, మేము వెళ్లిపోయాక రోజూ విప్పి చూసే అమ్మ ఉంది. ఇవేవీ లేకుండా అపార్ట్‌మెంట్‌లో ఒక్క బిడ్డతో ఉంటే, లావుపాటి పుస్తకంలో న్యూస్‌పేపర్ పెట్టినా పని జరుగుతుంది. మా చెల్లెలు బెంగళూరులో అలాగే చేస్తోంది, తన ప్రెస్ అటకెక్కింది. కొనేట్టయితే చిన్న సైజు వద్దు. బాదం ఆకు జానెడు పైనే ఉంటుంది, చిన్నదాంట్లో మడత పడుతుంది. మా అక్క కొన్నది అదే, ఇప్పుడు దాంట్లో వాళ్లు వేపాకులు తప్ప ఏమీ పెట్టలేకపోతున్నారు.