పక్షుల కోసం 8×42 బైనాక్యులర్: ఏళ్ల వాడకం తర్వాత

8×42లో 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, 42 అంటే ముందు లెన్స్ వ్యాసం, మిల్లీమీటర్లలో. 10× వదిలేసి 8× ఎందుకు తీసుకున్నావని చాలామంది అడుగుతారు. పిట్ట దొరకాలి గనక. ఆకుల మధ్య కదిలే చిన్న పిట్ట మీంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్ కళ్లకు ఆనించగానే అది అందులో ఉండాలి. నా దాంట్లో కిలోమీటరు దూరాన సుమారు 136 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. అదే తరగతి 10×42లో 110 మీటర్ల చుట్టుపక్కలే. పైగా 10×లో చేతి వణుకూ, ఎండలో లేచే వేడిగాలి అలలూ అంతే పెద్దవవుతాయి.

ఇక వెలుగు సంగతి. 42ని 8తో భాగిస్తే 5.25 మిల్లీమీటర్లు, కంటి వైపు వచ్చే వెలుగు వృత్తం వ్యాసం అది. 10×42లో 4.2. పట్టపగలు కంటిపాప ఎలాగూ 2, 3 మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది కాబట్టి తేడా తెలియదు. తెల్లవారుజామున, చెట్ల నీడలో మాత్రం తెలుస్తుంది.

కొన్నవాళ్లలో చాలామంది పట్టించుకోనిది డయాప్టర్, అంటే రెండు కళ్ల చూపులోని తేడాను సరిచేసే రింగు. నా దాంట్లో అది కుడి కంటి వైపు ఉంది. ముందు రెండు వృత్తాలూ ఒకటిగా కలిసేదాకా మధ్య కీలు మడవాలి. కుడి ముందు లెన్స్‌కు మూత పెట్టి, ముప్పై నలభై మీటర్ల దూరంలో బోర్డు మీది అక్షరాలో, బెరడు గీతలో చూస్తూ మధ్య చక్రంతో ఎడమ కంటికి ఫోకస్ చేయాలి. మూతను ఎడమ వైపుకు మార్చి, చక్రం ముట్టుకోకుండా కుడి రింగు ఒక్కటే తిప్పాలి. కన్ను మూయొద్దు, లెన్స్‌కే మూత పెట్టాలి. ఒక కన్ను బిగిస్తే రెండోదీ కాస్త మూసుకుని లెక్క తప్పుతుంది. నా మోడల్లో రింగుకు లాక్ లేదు, సంచిలో రాసుకుని జరిగిపోతుంది. తెల్ల పెయింటుతో చుక్క పెట్టుకున్నాక ఆ బెడద పోయింది. అరగంట చూసేసరికి తలనొప్పి వస్తోందంటే మొదట అనుమానించాల్సింది ఈ రింగునే. కింద పడ్డాక బొమ్మ రెండుగా కనిపిస్తే మాత్రం లోపలి గాజు దిమ్మ, అంటే ప్రిజం, జరిగినట్టు. అది ఇంట్లో బాగుపడేది కాదు.

గుర్తింపుకు 8× సరిపోతుందా? చాలావరకు సరిపోతుంది. చిన్న తెల్లకొంగ నల్లటి కాళ్లకు పసుపు వేళ్లు తేలిగ్గా దొరుకుతాయి. పెద్ద తెల్లకొంగకు నోటి గీత కన్ను దాటి వెనక్కి పోతుంది. యాభై మీటర్లలో అదీ తెలుస్తుంది. నీటి ఒడ్డున తిరిగే, ఒకేలా కనిపించే రెండు చిన్న పిట్టల్లో వుడ్ శాండ్‌పైపర్‌కు కనుబొమ్మ తెల్లగీత కన్ను వెనక్కి సాగుతుంది, గ్రీన్ శాండ్‌పైపర్‌కు కంటి దగ్గరే ఆగుతుంది. ఎగిరినప్పుడు రెక్క అడుగు చూస్తే ఇంకా నయం: గ్రీన్‌కు నల్లగా, వుడ్‌కు లేతగా ఉంటుంది. అందుకే చెరువు గట్టున పిట్ట లేచేదాకా ఫోకస్ మీద వేలు తీయకూడదు.

లోపాలు ఉన్నాయి. తెల్లటి ఆకాశం మీద గద్దను చూస్తే రెక్క అంచున ఊదా గీత కనిపిస్తుంది. ఆ వెలుతురులో రంగు నమ్మకుండా రెక్కల ఆకారం, తోక చివర మాత్రమే రాసుకోవడం మంచిది. కళ్లు ఆనించే కంటి కప్పులు వదులై వాటంతటవే దిగిపోతున్నాయి. కళ్లద్దాలతో చూసేవాళ్లకు ఇది ఇబ్బంది కాదు, వాళ్లు ఎలాగూ పూర్తిగా దించే చూడాలి. కాకపోతే ఐ రిలీఫ్, అంటే మొత్తం దృశ్యం కనిపించేలా కన్ను లెన్స్‌కు ఎంత దూరంలో ఉండొచ్చో ఆ దూరం, కనీసం 15 మిల్లీమీటర్లు ఉండాలి, దీనికి 17. ఫోకస్ చక్రంలో కొద్దిగా ప్లే వచ్చింది, దిశ మార్చినప్పుడల్లా కాస్త ఖాళీగా తిరుగుతుంది. దాదాపు 700 గ్రాముల బరువు మెడ పట్టీతో నరకమే. భుజాల మీదుగా వేసుకునే హార్నెస్ తప్పనిసరి.

లోపల తేమలేని నైట్రోజన్ వాయువు నింపి ఉంది కాబట్టి లోపలివైపు ఆవిరి పట్టలేదు. బయట లెన్స్ మీద పడితే తుడవకుండా ఆరనివ్వాలి. దుమ్మును ముందు బ్లోయరుతో ఊది, మెత్తటి బ్రష్‌తో దులిపి, ఆ తర్వాతే గుడ్డ; పొడిగా రుద్దితే ఇసుకరేణువు పూతను గీసేస్తుంది. తడిసిన రోజున మూసిన సంచిలో పెడితే బూజు ఖాయం. ఆరాక, గాలి చొరబడని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి ఉంచితే చాలు.

బురద మైదానంలో రెండొందల మీటర్ల అవతల మేసే పిట్టలే మీ ఆసక్తి అయితే ఇది వద్దు, 10× కూడా వద్దు. ముక్కాలి స్టాండు మీద 20–60× స్పాటింగ్ స్కోపే, అంటే ఒంటి కంటితో చూసే చిన్న దూరదర్శినే, కొనండి.