ఒకే రైలు దారి, రెండు నవలలు: ఏది కొనాలి?

మొన్న విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలు తిరగేస్తుంటే మా బావమరిది చేతికి రెండు నవలలు దొరికాయి. ఒకటి పియరీ బూల్ రాసిన ‘ద బ్రిడ్జ్ ఓవర్ ద రివర్ క్వై’, రెండోది రిచర్డ్ ఫ్లానగన్ ‘ద నారో రోడ్ టు ద డీప్ నార్త్’. "రెండూ ఆ బర్మా రైలు కథలే కదా బావా, ఏదో ఒకటి చాలదా?" అన్నాడు.

కథాస్థలం ఒకటే, నిజమే. 1942-43లో జపాన్ సైన్యం థాయ్‌లాండ్ నుంచి బర్మాకి 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయించింది. 60 వేలకు పైగా యుద్ధఖైదీలతో పని చేయిస్తే 12 వేల మందికి పైగా చచ్చిపోయారు. ఆకలి, కలరా, దెబ్బలు. మలయా రబ్బరు తోటల నుంచి తెచ్చిన తమిళ కూలీలతో సహా ఆసియా కూలీలు అంతకు ఎన్నో రెట్లు పోయారు. కానీ రెండు నవలల్లోనూ మధ్యలో నిలబడేది తెల్ల సైనికులే. ఆ ఫిర్యాదు నాకు రెండిటి మీదా ఉంది.

1952లో ఫ్రెంచిలో వచ్చిన బూల్ నవల పలచటిది, రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. శత్రువు కోసం కట్టే వంతెనైనా సరే, తెల్లవాడి పనితనం కనపడాలని పట్టుబట్టే బ్రిటిష్ ఖైదీ కల్నల్ నికల్సన్ మీదే నడుస్తుంది. పదునైన వెటకారం. ప్రేమ గీమా ఏమీ లేవు.

ఫ్లానగన్‌ది అలా కాదు. వాళ్ళ నాన్న ఆ లైను మీద పనిచేసిన ఖైదీ, నంబరు 335. పుస్తకం ఆ నంబరుకే అంకితం. రాయడానికి పన్నెండేళ్ళు పట్టింది. మధ్యలో జపాన్ వెళ్ళి, నాన్న క్యాంపులో కాపలా ఉన్న ముసలాయన్ని కలిసి, ‘అప్పుడు ఖైదీల్ని ఎలా కొట్టేవారో నన్నలా కొట్టండి’ అని చెంప చూపించాడట. నవలలోనూ ఆ మనసే ఉంది. రోజూ కొట్టిన కొరియన్ కాపలావాడు, యుద్ధం అయ్యాక ఉరికంబం ముందు కూడా తనకు రావాల్సిన 50 యెన్ల జీతం గురించే ఆలోచిస్తాడు. అక్కడ నేను పుస్తకం మూసి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను.

అందులో ప్రేమకథ కూడా ఉంది: కథానాయకుడు సర్జన్ డొరిగో, అతని మేనమామ భార్య ఎమీ. నిజం చెప్పొద్దూ, అక్కడక్కడా పాకం ఎక్కువైంది. 2014లో బుకర్ వచ్చింది కాబట్టి ఈ మాట అనకూడదేమో! క్యాంపులో ఒక్క రోజు చుట్టూ తిరిగే మధ్యభాగానికి మాత్రం వంక పెట్టలేం.

"లావుదే తీసుకో" అన్నాను వాడితో. మొదట్లో కాలం ముందుకీ వెనక్కీ దూకుతుంది, కాస్త ఓపిక పట్టాలి. ఇంగ్లిష్ నవల అంటేనే టెన్షన్ పడేవాళ్ళయితే పలచటిదానితో మొదలెట్టొచ్చు. దాని మీద వచ్చిన 1957 నాటి సినిమా చూసేశాం కదా అని మాత్రం దాన్ని పక్కన పెట్టకండి, పుస్తకంలో ముగింపు వేరు.