అక్క పిల్లలతో ఘిబ్లీ సినిమాలు: కొన్నేళ్లు చూశాక నా మాట

అనిమే (జపాన్ యానిమేషన్) అంటే కత్తులు, రక్తం, అరుపులే అనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. మా అక్క కూడా అలాగే అనుకునేది. ఆమె పిల్లలిద్దరికీ నేను జపాన్ యానిమేషన్ సంస్థ స్టూడియో ఘిబ్లీ సినిమాలు చూపించడం మొదలుపెట్టినప్పుడు చిన్నది ఇంకా బడిలో చేరలేదు. ఇప్పుడు అది మూడో తరగతి, పెద్దవాడు ఆరో తరగతి. సెలవులకి వచ్చినప్పుడల్లా "మామయ్యా, టోటోరో పెట్టు" అని అడిగి మరీ చూస్తారు కాబట్టి ఏ వయసులో ఏది నచ్చుతుందో, ఏది భయపెడుతుందో బాగానే తెలిసింది.

మొదట చూపించాల్సింది 'మై నెయిబర్ టోటోరో'. హయావో మియజాకీ 1988లో తీశారు. నిడివి 86 నిమిషాలే. సట్సుకి, మే అనే అక్కాచెల్లెళ్లు నాన్నతో కలిసి పల్లెలో ఒక పాత ఇంటికి వస్తారు. అమ్మ ఆసుపత్రిలో ఉంటుంది. ఇంటి పక్కన పెద్ద కర్పూర చెట్టు, అందులో టోటోరో అనే భారీ బొచ్చు జీవి. విలన్ లేడు, పోట్లాటలు లేవు. సెకనుకో బొమ్మ మారే వీడియోలకి అలవాటుపడ్డ పిల్లలు ఇంత నెమ్మదైన సినిమా చూస్తారా అని మొదట్లో నాకు టెన్షన్‌గానే ఉండేది. హాయిగా చూశారు. వానలో బస్ స్టాప్ దగ్గర సట్సుకి చెల్లెల్ని వీపున మోస్తూ నాన్న కోసం ఎదురుచూస్తుంటుంది, టోటోరో వచ్చి పక్కన నిలబడతాడు. గొడుగు మీద చినుకులు పడే చప్పుడుకి అతను మురిసిపోతాడు. ఎంతోసేపు మాటలే ఉండవు. ఆ సీన్ వస్తే మావాళ్లు ఇప్పటికీ మంచినీళ్లకి కూడా లేవరు. అక్కాచెల్లెళ్లు విత్తనాలు నాటి, రాత్రి టోటోరోతో కలిసి మొలకల కోసం గెంతే సీన్ చూశాక, మా ఇంట్లో కుండీల నిండా చింతగింజలే.

అయితే పిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టి మనం వంటింట్లోకి వెళ్లిపోయే సినిమా కాదిది. రెండో సగంలో మే తప్పిపోతుంది. చెరువులో చెప్పు దొరికిందని ఊరంతా వెతుకుతారు. ఐదేళ్ల లోపు పిల్లలు అక్కడ బెదురుతారు, పక్కన మనిషి ఉండాలి. అమ్మ జబ్బు సంగతీ అంతే. మియజాకీ చిన్నప్పుడు ఆయన తల్లి వెన్నెముక క్షయతో ఏళ్ల తరబడి మంచం పట్టారు. పిల్లల మనసులోని ఆ బెంగ సినిమాలో అంత నిజంగా ఉండటానికి అదే కారణమని నాకు అనిపిస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే ముందు మీరొక్కరే చూసి, ఆ తర్వాత నిర్ణయించుకోండి. ఇంకో మాట, చివర్లో పేర్లు పడుతున్నాయి కదా అని ఆపేయకండి. అమ్మ ఇంటికి రావడం ఆ పేర్లతో పాటు వచ్చే బొమ్మల్లోనే ఉంటుంది. "అమ్మకి తగ్గిపోయిందా?" అని మా చిన్నది అడిగినప్పుడు నేను చూపించింది అదే.

నాన్న, కూతుళ్లు కలిసి స్నానాల తొట్టిలో కూర్చునే సీన్ ఒకటుంది. జపాన్ ఇళ్లలో అది మామూలే అని పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచితే మంచిది.

అసలు ఇబ్బంది భాష. మేం చూసిన చోట ఘిబ్లీ సినిమాలకి తెలుగు ఆడియో దొరకలేదు. చిన్నపిల్లలు సబ్‌టైటిల్స్ చదవలేరు, ఇంగ్లిష్ మాటలు కూడా సగమే అర్థమవుతాయి. అందుకని జపనీస్ ఆడియో తక్కువ సౌండ్‌లో పెట్టి, అవసరమైన చోట నేనే తెలుగులో చెప్తూ వచ్చాను. ప్రతి మాటా చెప్పక్కర్లేదు. ముఖాలు చూసి వాళ్లే సగం కథ అల్లుకుంటారు. చిన్నపిల్లల విషయంలో ఇంగ్లిష్ డబ్బింగ్ కంటే ఇదే నయమని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే వాళ్లు మధ్యలో ఆపి ప్రశ్నలు అడుగుతారు.

తర్వాత 'పోన్యో' (2008). ఐదేళ్ల సోసుకే, మనిషి కావాలనుకునే చేపపిల్ల. వేడి నూడుల్స్ తినే సీన్ అయ్యాక ఇంట్లో ఏం అడుగుతారో చెప్పక్కర్లేదు. కాకపోతే సముద్రం పొంగి ఊరు మునుగుతుంది. తుఫాన్లు చూసిన కోస్తా పిల్లలకి ఆ అలలు మరీ దగ్గరగా అనిపించొచ్చు. 'కికీస్ డెలివరీ సర్వీస్' (1989) ఎనిమిదేళ్లు దాటాకే. పదమూడేళ్ల మంత్రగత్తె పిల్ల ఒంటరిగా కొత్త ఊరెళ్లి పని వెతుక్కుంటుంది. మధ్యలో ఎగిరే శక్తి పోయి దిగాలుపడే భాగం ఆరేళ్లప్పుడు మా చిన్నదానికి విసుగు పుట్టించింది. ఈ వేసవిలో మాత్రం కళ్లార్పకుండా చూసింది. నాకు వీటన్నిటిలో ఎక్కువ ఇష్టమైనది కూడా ఇదే. ఆస్కార్ వచ్చింది కదా అని 'స్పిరిటెడ్ అవే'తో మొదలుపెట్టొద్దు. అమ్మానాన్నలు పందులైపోవడం చిన్నపిల్లలు తట్టుకోలేరు, పదేళ్లు రానివ్వండి.

ఘిబ్లీ పేరుంటే చాలు, పిల్లల సినిమాయే అనుకోవద్దు. టోటోరోతో కలిపి ఒకే ఆటగా విడుదలైన 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' యుద్ధంలో ఆకలితో చనిపోయే అన్నాచెల్లెళ్ల కథ. గొప్ప సినిమా, కానీ పిల్లలకి వద్దు. 'ప్రిన్సెస్ మోనోనోకే'లో చేతులు, తలలు తెగిపడతాయి.

అమ్మమ్మ, తాతయ్యలతో కలిసి తెలుగులో చూడాలంటే జపాన్ దర్శకుడు యూగో సాకో, మన యానిమేటర్ రామ్ మోహన్ వాళ్లు తీసిన జపాన్ యానిమేషన్ రామాయణం ఉంది. 2025 జనవరిలో మన థియేటర్లకి వచ్చినప్పుడు తెలుగు డబ్బింగ్ కూడా చేశారు. యుద్ధం భాగం పెద్దదే కాబట్టి ఏడేళ్లు దాటిన పిల్లలకి చూపించండి. కథ ముందే తెలుసు కనుక మావాళ్లు భయపడలేదు, పైగా తర్వాత ఏం జరుగుతుందో మా అమ్మకే చెప్పారు. టోటోరోని కూడా ఎవరైనా ఇలాగే తెలుగులోకి తెస్తే బాగుండు, కుటుంబమంతా వెళ్లి చూస్తాం.